ఓపల్ మామ్మ డబ్బీ

సర్కారు సొమ్ము తినే మనిషి కంటబడితే చాలు, ఓపల్ మామ్మ చేతిసంచిలోంచి మూతున్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి తీసి ముందు పెట్టి, "కానియ్, పోసివ్వు" అనేది. ఆవిడకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో మా పైన్‌రన్ ఊళ్లో అంత తెలివైన మనిషి లేదు.

అసలు తప్పు ఆవిడది కాదు. సాయం డబ్బు తీసుకునే బీదవాళ్లంతా మత్తుమందులు వాడటం లేదని ఉచ్చ పోసి మరీ రుజువు చేసుకోవాలని సర్కారు చట్టం తెచ్చింది. మనవణ్ణి సాకుతున్నందుకు మామ్మకీ నెలనెలా కాస్త సాయం వస్తుంది. దగ్గుమందు తప్ప మరో మందెరగని డెబ్భై ఏళ్ల ముసలమ్మ వెళ్లి పోసి వచ్చింది. వస్తూ వస్తూ మందుల షాపులో పెట్టెడు డబ్బీలు కొనుక్కొచ్చింది.

మొదట దొరికినవాడు హార్లన్. పంటలెక్కువై ధరలు పడిపోకుండా పొలం బీడు పెట్టినందుకు సర్కారు అతనికి ఏటా డబ్బిస్తుంది.

"చేలో ఏమీ వెయ్యనందుకే పుచ్చుకుంటున్నావు కదురా! కనీసం ఇందులోనైనా ఏదైనా పొయ్యి."

సర్కారు జీతం తీసుకునే పోలీసు అధికారి షెరీఫు "డ్యూటీలో ఉన్నాను మామ్మా" అని తప్పుకోబోయాడు.

"నేనూ డ్యూటీలోనే ఉన్నా. ఆ చెట్టుచాటుకెళ్లు, నేను అటు తిరుగుతాలే."

చట్టాన్ని మెచ్చుకుంటూ ఉపన్యాసమిచ్చిన మేయరు చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, ఒళ్లో డబ్బీ పెట్టేసింది. అప్పట్నుంచి ఆయన ఆవిడ కంటబడకుండా సందుల్లోంచి తిరిగేవాడు.

పక్కింటి టాన్సీ ఇవన్నీ విని నవ్వేది, తన వంతు వచ్చేదాకా. ఆమెకి ఇద్దరు పిల్లలు. పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతపడి, సాయం డబ్బు మీదే బతుకుతోంది. అన్న మత్తుమాత్రలకు అలవాటుపడి చనిపోయాడు. పరీక్ష చేసే ఆఫీసుకి ఎదురుగా మంగలి షాపు, దాని ముందు బెంచీ, బెంచీ మీద పొద్దస్తమానం ఊళ్లోని పెన్షనర్లు.

"అన్నకు తగ్గ చెల్లెలంటారు మామ్మా! శుక్రవారం పదింటికి రమ్మన్నారు. చస్తే పోను."

"పోకపోతే సాయం ఆపేస్తారే. పిల్లలకేం పెడతావు?"

టాన్సీ ఏడ్చేసింది. మామ్మ ఓదార్చనైనా ఓదార్చకుండా సంచి తగిలించుకుని ఊళ్లోకి పోయింది. ఇప్పుడు కూడా డబ్బీల గోలేనా అని టాన్సీకి ఒళ్లు మండింది.

శుక్రవారం పిల్లల మొహాలు చూసి, మనసు చంపుకుని, తలొంచుకుని వెళ్లింది. తలెత్తేసరికి ఆఫీసు ముందు పెద్ద వరస. హార్లన్, షెరీఫు, పోస్ట్‌మ్యాన్, బడి హెడ్‌మాస్టరు, చివర మేయరు. అందరి చేతుల్లోనూ డబ్బీలు. ఎదుటి బెంచీ ఖాళీ, పెన్షనర్లు కూడా వరసలోనే ఉన్నారు. అందులో సాయం కోసం వచ్చినవాళ్లెవరో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

"ఏమిటిదంతా?" అంది టాన్సీ.

"ఇవాళ పదింటికి ఒక్కసారి పోసిస్తే ఈ జన్మలో మళ్లీ అడగనని మామ్మ బైబిలు మీద ఒట్టేసింది," అన్నాడు హార్లన్. "ఇంత తేలిగ్గా వదుల్తోంది కదాని వచ్చేశాం."

వరస పక్కనే నిలబడ్డ మామ్మ చెవిలో టాన్సీ గొణిగింది. "నా కోసమేనా?"

"నీ మొహం! ఇంట్లో డబ్బీలు మిగిలిపోయాయి, పారెయ్యలేక."

ఇంతలో మేయరు దీనంగా ఇటు తిరిగాడు. "నీకు వచ్చేలా ఉందా అమ్మాయ్? నాకు రావడం లేదు."

టాన్సీకి నవ్వాగలేదు. అన్న పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

"మేయరుకి గ్లాసుడు నీళ్లివ్వండర్రా!" అరిచింది మామ్మ. "ఇన్నాళ్లూ జనం సొమ్ము తిన్నాడు, ఒక్కసారైనా ఏదో ఒకటి ఇచ్చి పోనివ్వండి."