కాలేషా డ్రోను దిగే చోటు

కాలేషాకు డ్రోను ఎగరెయ్యడమంటే భయం లేదు. దించడమంటేనే భయం. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు ఆయన్ని పిరికివాడంటారు. నేను మాత్రం అనను. ఎందుకు అననో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

గురజాల బస్టాండు వెనక సందులో ఆయన ఫొటో స్టూడియో, దాని పక్కనే నా కుట్టుమిషను. పాతికేళ్ళుగా ఒకే గోడకు ఇటూ అటూ ఉన్నాం. చుట్టుపక్కల పెళ్ళిళ్ళు ఆయన తీస్తే, ఆ పెళ్ళిళ్ళ జాకెట్లు నేను కుట్టాను. మెత్తటి మనిషి. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ చూస్తాడు, ఆ తర్వాత ఇంకెవరన్నా దాటుతున్నారేమో చూసి వాళ్ళ వెనక దాటుతాడు.

డ్రోను ఆయన మోజుపడి కొన్నది కాదు. సత్తెనపల్లి నుంచి కుర్రాళ్ళు వచ్చి పైనుంచి తీయడం మొదలుపెట్టాక, కిందనుంచి తీసిన పెళ్ళి జనం కళ్ళకు ఆనడం మానేసింది. సరే, ఆయనా ఒకటి కొన్నాడు. అరచేతిలో పట్టేంత చిన్నది. నెల తిరక్కుండా కారంపూడి దగ్గర ఒక ఫంక్షన్లో దాన్ని దున్నిన చేలో దించబోయాడు. రెక్కల గాలికి నల్లమట్టి దుమ్ము లేచింది. ఒక కాలు మట్టిగడ్డ మీద ఆనింది. డ్రోను పక్కకు ఒరిగి, తిరుగుతున్న రెక్కలతోనే నేలమీద గింగిరాలు కొట్టింది. పట్టుకోబోయిన కాలేషా చేతికి మూడు కుట్లు పడ్డాయి. ఆ పక్కనే, అడుగు దూరంలో, రెండేళ్ళ పాప నోట్లో వేలు పెట్టుకొని చూస్తోంది.

కుట్లు వారంలో మానాయి. ఆ అడుగు దూరం మానలేదు.

"అన్నా, అది పాప కళ్ళల్లోకి పోయుంటే?" అని అడిగేవాడు, నేను గుడ్డ కత్తిరిస్తుంటే. నా కత్తెర ఆగిపోయేది.

అలాంటి మనిషికి పక్క ఊరి ధనుంజయరావు గారి నుంచి కబురు వచ్చింది. మనవరాలు వాసంతి పెళ్ళి. ముందురోజు ఇంటిముందు పసుపు ఫంక్షను, మర్నాడు పొద్దున ముహూర్తం.

"రెండు రోజులూ నీ డ్రోను తిరగాల కాలేషా," అన్నారాయన. "పిల్లలు చానామంది ఉంటారు. ఒక్కడికి గీసుకున్నా నేనొప్పుకోను."

ఆ చివరి మాట విన్నాక కాలేషాకు నిద్ర తగ్గింది. డ్రోను దిగడానికి చదునైన చోటు ఒకటి వెంట తీసుకుపోతే దుమ్మూ లేవదు, ఒరగడమూ ఉండదని ఎక్కడో చదివాడు. మడిచి సంచిలో పెట్టుకునే ల్యాండింగ్ ప్యాడ్లు ఫోన్లో బోలెడున్నాయి. ఒకవైపు నారింజ రంగు, ఇంకోవైపు నీలం. అడుగున్నరది కొంటే డ్రోను పక్కన పడుతుందేమోనని భయం. మూడడుగులది కొంటే గాలికి లేస్తుందేమోనని భయం. నాలుగొందల మంది బాగుందని రాసినచోట, 'గాలికి లేచి రెక్కల్లో చిక్కుకుంది' అని రాసిన ఒక్కడు ఆయనకు దొరికాడు. ఆ ఒక్కడినే రోజూ చదివాడు. పన్నెండు రోజులు అలా చదివి, బరువైన అట్టలతో చేసినది ఎంచుకునేసరికి, వారం తర్వాతగానీ రాదని చూపించింది. పెళ్ళి ఎల్లుండి.

ఇక ఇంట్లో వెతుకులాట మొదలైంది. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్ట చూశాడు, పీచు లేచి రెక్కలకు చుట్టుకుంటుందన్నాడు. క్యారమ్స్ బోర్డు చూశాడు, నున్నగా ఉంది జారుతుందన్నాడు. ఆయన భార్య అబిదా రొట్టెల పీట తెచ్చి ముందు పెట్టింది. ఎగతాళికే పెట్టిందనుకుంటాను, ఆయన మాత్రం టేపు పెట్టి కొలిచాడు.

చివరికి మిరపకాయల వ్యాపారం చేసే వెంకటసుబ్బయ్య కొట్లోంచి ఒక టార్పాలిన్ పట్టా ముక్క తెచ్చాడు. దళసరిది, బరువైనది. కాయలు ఎండబోసే పట్టా.

"అన్నా, దీన్ని రెండు మడతలేసి సంచిలాగా కుట్టు. మాసిన వైపు లోపలికి పోవాల. మడత గాక రెండు వైపులే కుట్టు, తెరిచిన వైపు నుంచి రాళ్ళు పెడతా, లేవకుండా."

మడతేసి కుట్టాను. కుట్టేటప్పుడు రెండుసార్లు తుమ్మాను. మార్చి నెలలో మా ఊళ్ళో తుమ్మని వాడెవడు? గాలంతా కారమే, ముక్కులన్నీ దానికి అలవాటుపడి ఉంటాయి. కాలేషా కూడా వాసన చూసి, కొత్త పట్టాలాగే ఉందన్నాడు. పైవైపు తడిగుడ్డతో అద్దంలా తుడిచాడు.

"ఒకసారి డాబా మీద ఎగరేసి చూడరాదా?" అంది అబిదా.

"ఎగరేస్తే దించాల గదా," అన్నాడు.

పసుపు ఫంక్షనుకు నేనూ వెళ్ళాను. ఇంటిముందు ఖాళీ స్థలంలో షామియానా, మధ్యలో పీట మీద వాసంతి, పక్కన ఇత్తడి గంగాళంలో పసుపునీళ్ళు. కాలేషా అందరికీ దూరంగా, ఓ మూల పట్టా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు దోపాడు. తెరిచి ఉన్న వైపు తనవైపు తిప్పుకున్నాడు. చుట్టూ సుద్దతో గీత గీసి పిల్లల్ని అవతలకు తోలాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, మీటల వరసో తెలియదు.

రెక్కలు తిరిగాయి. ఆ గాలికి పట్టా పైపొర కిందికి అణిగింది, లేచింది, మళ్ళీ అణిగింది, కొలిమి తిత్తి ఊదినట్టు. లోపల ఏళ్ళ తరబడి ఇంకిన మిరప కారం మొత్తం ఆ తెరిచిన వైపు నుంచి బుస్సుమని బయటికొచ్చి కాలేషా మొహాన కొట్టింది. డ్రోను మాత్రం చక్కగా పైకి పోయింది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత దగ్గు. ఆ తర్వాత, రెండు కళ్ళూ మూసుకొని, చేతిలో రిమోటు పట్టుకొని నిలబడ్డ ఆ మనిషిని చూశాక రెండూ ఆగిపోయాయి. అంతా దగ్గుతూ ఎటుపడితే అటు పరిగెడుతున్నారు. పిల్లలు సుద్దగీత తొక్కేసి పట్టా మీదికే వచ్చారు. పైన, తాటిచెట్టంత ఎత్తులో, అది ఝుమ్మని నిలబడి ఉంది. దాన్ని దించడం తెలిసిన ఒక్క మనిషికి కళ్ళు కనపడడం లేదు.

"అన్నా, యాడుంది అది? జనం మీదుందా?" ఆయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది.

"మీదనే ఉంది," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పొద్దుటినుంచీ ఆన్ చేసి చూసుకుంటానే ఉన్నా, చార్జింగు ఎప్పుడో తగ్గింది. ఇంకా తక్కువైతే దానంతటదే ఎగిరిన చోటికే వచ్చి దిగుద్ది. పట్టా కాడ ఎవురన్నా ఉన్నారా?"

ఏడుగురు పిల్లలున్నారు. ఒకడు పైకి చూస్తూ చేతులు చాపుతున్నాడు.

నేను అటు పరిగెత్తబోయి షామియానా తాడు తగిలి పడ్డాను. ఈలోగా వాసంతి లేచి వచ్చింది. గాలి అటు వీచలేదు గనక ఆమె కళ్ళు బాగున్నాయి. పసుపు కారుతున్న చేతులతోనే కాలేషా పక్కన నిలబడి రిమోటు తెర చూసింది.

"కాలేషా మామా, చార్జింగు ఇరవై తొమ్మిది ఉంది. ఏం చెయ్యాల్నో చెప్పు."

"నువ్వేం నొక్కొద్దమ్మా. అంకె చెప్తా ఉండు. పిల్లల్ని తియ్యండి."

"ఇరవై ఎనిమిది."

ధనుంజయరావు గారి భార్య వీరరాఘవమ్మ గారు డెబ్భై దాటిన మనిషి. చెంగు ముక్కుకు అడ్డంపెట్టుకొని పిల్లల్ని రెక్కపట్టుకొని ఒక్కొక్కణ్ణి అవతలకు లాగింది. చేతులు చాపినవాడికి వీపున ఒకటి తగిలింది.

"ఇరవై అయిదు. ఎర్రగా మెరుస్తోంది మామా."

"అది దిగితే కారం మళ్ళీ లేస్తది గదయ్యా," అంది వీరరాఘవమ్మ గారు, పట్టాను చూస్తూ. అప్పటిదాకా ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు. మళ్ళీ లేస్తే ఈసారి అంకెలు చదివే కళ్ళు కూడా ఉండవు. ఆమె అటూ ఇటూ చూసి, "ఆ గంగాళం పట్టండ్రా," అంది.

పెళ్ళికూతురి పసుపునీళ్ళు. ధనుంజయరావు గారే ఒక చెవి పట్టుకున్నారు, రెండోది నేను పట్టుకున్నాను. సగం పట్టా లోపలికి, సగం పైకి దిమ్మరించాం.

"ఇరవై. దానంతటదే కదిలింది మామా. వస్తోంది."

"రానీ. ఎవురూ దగ్గరికి పోమాకండి. అన్నా, నువ్వు కూడా."

నేను వెనక్కి తగ్గాను. కాలేషా రిమోటును గుండెకు ఆనించుకున్నాడు. వాసంతి తెర వదిలేసి కళ్ళతోనే చూసి చెబుతోంది. ఇంటి ఎత్తు. మనిషి ఎత్తు. మోకాలెత్తు. తడి పట్టా మీద పసుపునీళ్ళు రెక్కల గాలికి చిట్లి చుట్టూ చినుకుల్లా పడ్డాయి. కారం లేవలేదు. రెక్కలు ఆగాయి.

"దిగిందా?" అన్నాడు.

"దిగింది."

"ఎవురికీ తగల్లా గదా?"

"తగల్లేదు మామా."

"మళ్ళీ చూసి చెప్పమ్మా."

ఆమె నిజంగానే మళ్ళీ చూసింది. పిల్లల్ని ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచి, పలికించి, అప్పుడు చెప్పింది. కాలేషా అక్కడికక్కడే బురదలో కూలబడ్డాడు. వీరరాఘవమ్మ గారు చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి ఆయన తలపట్టుకొని కళ్ళు కడిగింది. ఏడుస్తున్నాడో, కారమో, అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ కుట్టు కుట్టిన చేతులు నావే గనక, నా మొహం పక్కకు తిప్పుకున్నాను.

ధనుంజయరావు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. తిడతారనే అనుకున్నాం.

"రేపు పది గంటలకు ముహూర్తం," అన్నారు. "పొద్దున్నే వచ్చి ముందు ఈ స్థలమంతా నీళ్ళు కొట్టించు. ఆ తర్వాతే ఎగరేద్దువు."

కాలేషా తల ఊపాడు. అవునని ఊపాడో, వణుకుకు ఊగిందో ఆయనకు కూడా తెలిసుండదు. లేచి, డ్రోను దగ్గరికి పక్కనుంచి వెళ్ళి, ముందుగా దాని బ్యాటరీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గురజాల చేరేదాకా, బండి మీద నా వెనక కూర్చుని, ఒక చేత్తో ఆ జేబును గట్టిగా మూసిపట్టుకునే ఉన్నాడు.