బ్రేక్ ప్యాడ్లకి ప్రార్థన నూనె

తిరువూరులో ఉంటూ స్పోర్ట్స్ కారు ఎందుకని ఎవరూ అడగొద్దు. సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, కొనేశాను. ఇప్పుడు దాని ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి. కారు కంపెనీవి దొరకలేదు. బయటి కంపెనీల వాటిలో ఏవి మంచివో తేల్చుకోడానికి నెలరోజులు వీడియోలు చూసి, అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడిగి, చివరికి ఒక సెట్టు తెప్పించాను. ఈ రోజు పొద్దున్నే కొరియర్‌లో వచ్చింది. డబ్బా విప్పి టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్లాను.

వచ్చి చూద్దును కదా, నా స్పీడంటే హడలిపోయే మా అమ్మ, చర్చిలో ఇచ్చిన ప్రార్థన నూనె ప్యాడ్లన్నిటికీ శుభ్రంగా రాసేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

"అమ్మా! నూనె తగిలితే బ్రేకులు పట్టవే! కారు ఆగదు!"

"ఆపేది ప్రభువురా, ఈ ముక్కలు కాదు."

మెకానిక్‌కి ఫోన్ చేశాను. నూనె పీల్చిన ప్యాడ్లు బిగించనంటే బిగించనన్నాడు. స్పీకర్‌లో అంతా విన్న అమ్మ నూనె సీసా మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"నిజమేరా, పొరపాటు నాదే. రాయాల్సింది వాటికి కాదు" అంటూ నా కుడికాలు ఒళ్లోకి లాక్కుని, యాక్సిలరేటర్ తొక్కే పాదానికి నూనె పట్టించింది.

మళ్లీ ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా విస్సన్నపేటలో ఉద్యోగానికి షేర్ ఆటోనే గతి. ఈసారి డబ్బా ఎక్కడ దాచాలో మీరే చెప్పండి. సీసాలో నూనె ఇంకా సగం ఉంది.