బాబాయి సరే అన్నారా?

నీళ్ల ఆఫీసులో ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. ఆయనకన్నా వయసులో పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అంతే. ఊళ్లో పంపులు ఏ వేళకు తిరగాలో, ఏ ట్యాంకు ఎంత నిండాలో చూసుకునే కంప్యూటర్ ప్రోగ్రాము ఆయన పడుచుతనంలో రాసిందే. అప్పుడది ముచ్చటగా చేతిలో ఇమిడేది. తర్వాత ఊరు పెరిగింది, పంపులు పెరిగాయి, వచ్చిన ప్రతి పై అధికారీ ఓ కొత్త కోరిక తగిలించి బదిలీ అయిపోయాడు. ఇప్పుడు దానిలో ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ మూలుగుతుందో బాబాయికి తప్ప నరమానవుడికి తెలియదు. అదేదో గొప్ప అనుకునేరు, మెడకు కట్టిన గుదిబండ అది. చుట్టాలింటికి వెళ్తే చెప్పులు విప్పకముందే ఫోను మోగేది.

ఆయన భార్య బడిలో జీవశాస్త్రం చెబుతుంది. కొండ మీది పెద్ద బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మని ఇదివరకే ఆమెకు పిలుపొచ్చింది. అక్కడ ఫోను పలకదు, ఫోను పలకని చోట బాబాయి ఉండలేడు కనుక మనసు చంపుకుని వద్దంది. మళ్లీ పిలిచినప్పుడు మాత్రం ఆయన్ని అడగలేదు, చెప్పింది. వేసవి దాటాక వెళ్తోంది, ఆయన వస్తే సంతోషం, రాకపోతే ఒక్కతే వెళ్తుంది. బాబాయి గుండెలో రాయి పడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె లేని ఇంట్లో ఉండి ఎరగడు.

ఆ వారమే ఊరి చివర పంపు దగ్గర మీటరు పాడై తప్పుడు లెక్క పంపింది. ఆ ఒక్క లెక్క మింగుడుపడక ప్రోగ్రాము మొత్తం బిగుసుకుపోయింది. ఊరంతా కుళాయిలు ఎండిపోయాయి. దాన్ని మళ్లీ లేపేసరికి బాబాయి తలప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చి వంటింటి గడపలో కూలబడి జరిగింది చెప్పుకొచ్చాడు. ఒక పంపుకు జబ్బు చేస్తే మిగతావెందుకు ఆగాలని ఆమె అడిగింది. ఏ పంపైనా కదలాలంటే ప్రోగ్రాములోని నడిమి ముక్కను అడగాలని, అది ఆగితే అన్నీ ఆగుతాయని ఈయన చెప్పాడు.

"వేలు తెగితే, మానడానికి మీ అనుమతి అడుగుతుందా?" అంది ఆమె గిన్నె తోముతూ. "చుట్టూ ఉన్న కణాలే చూసుకుంటాయి. పాడైన కణం తనంతట తనే చచ్చిపోతుంది, దాని చోట కొత్తది పుడుతుంది. ఒంట్లో రోజూ జరిగేది ఇదే. చావనని మొండికేసిన కణంతోనే చిక్కు. అది పెరిగి పెరిగి మనిషినే తినేస్తుంది."

ఆ మాట బాబాయికి బాగా పట్టింది. మర్నాటి నుంచి ప్రోగ్రామును చిన్న చిన్న ముక్కలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కో పంపుకు ఒక్కో ముక్క, దాని చుట్టూ దాని గోడ. దానికి తన ట్యాంకూ ఇరుగుపొరుగూ తప్ప లోకం తెలియదు. లెక్క తప్పిందా, తనంతట తనే ఆగిపోవాలి. కొత్తది లేచేదాకా పొరుగు పంపులు కాస్త బరువు మోయాలి. వేసవంతా ఆ పని మీదే ఉన్నాడు. పరీక్ష కోసం పట్టపగలు, నీళ్లు పారుతుండగా ఒక ముక్కను తన చేత్తోనే చంపాడు. ఊళ్లో ఒక్క కుళాయీ ఆగలేదు. చాలా ఏళ్ల తర్వాత బాబాయి ఆఫీసులో పైకి వినబడేలా నవ్వాడు. సాయంత్రం వెళ్లి రెండు రైలు టికెట్లు కొన్నాడు.

ప్రయాణం రోజు సామాను రైలు పెట్టెలోకి ఎక్కిస్తుండగా ఫోను మోగింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న కొత్త ఇంజినీరు, ఏడుపు గొంతుతో మాట్లాడుతోంది. పడమటి ట్యాంకు పంపు చూసే ముక్క ఆగిపోయిందట, కొత్తది లేచిందట గానీ పని మొదలుపెట్టడం లేదట. పొరుగు పంపులు వేడెక్కుతున్నాయట. తెర మీద ఒకటే ప్రశ్న ఉందట. బాబాయి సరే అన్నారా?

బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. కొత్తగా లేచిన ముక్క ఏ పిచ్చిపనైనా చేస్తుందేమోనని మొదట్లో భయపడి, వేలిముద్ర యంత్రం మీద తన బొటనవేలు ఆనిస్తే తప్ప కదలకుండా తనే కట్టడి పెట్టాడు. కొన్నాళ్లాగి తీసేద్దామనుకున్నాడు. పరీక్షించినప్పుడల్లా ఆ ప్రశ్న వస్తూనే ఉంది, ఈయన వేలు ఆనిస్తూనే ఉన్నాడు. ఊపిరి పీల్చడం ఎవరికి గుర్తుంటుంది?

భార్యకు సంగతి చెప్పాడు. ఆమె కేకలేస్తే బాగుండేది.

"అన్నిటికీ చావడం నేర్పారు. ఒక్కదానికి నేర్పలేదు," అంది. "రేపూ ఇదే రైలుంది." సంచి సర్దుకుని కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలింది.

బాబాయి ఆఫీసుకు పరుగున వచ్చి వేలు ఆనించాడు. పంపు తిరిగింది. మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లం బాబాయ్ అని అందరూ చుట్టూ మూగారు. ఆ మాటకు ఆయనకు సంతోషమేసింది. వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే రైల్లో పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఆమె వెళ్తోంది.

అందరూ వెళ్లాక ఆ కట్టడి తీసేద్దామని కూర్చున్నాడు. ప్రోగ్రాములో ఒక్క వరుస అది, చెరిపేస్తే పోతుంది. చెయ్యాడలేదు. తను లేకపోతే నీళ్లాగుతాయని కాదు ఆయన భయం, ఆగవేమోనని.

చివరికి ఇంజినీరును వెనక్కి పిలిపించాడు. "ఈ వరుస నువ్వు తీసెయ్యమ్మా. నా వల్ల కావడం లేదు."

ఆమె ఆ వరుస చెరిపి సేవ్ నొక్కింది. తెరను మెల్లగా ఆయన వైపు తిప్పింది.

"ఇది తీసెయ్యడానికి కూడా మీ వేలే అడుగుతోంది బాబాయ్."

ఆయన తెర వంక చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి ఒళ్లోనే ఉంది.