పాము కోట ముందు పారమ్మప్ప

మొన్న ముసురుకి అటక మీద నీళ్ళు కారుతున్నాయని ఎక్కితే, పాత మానిటర్ల వెనకాల ఒక అట్టపెట్టెలో నా పాత హెడ్‌సెట్ దొరికింది. చెవుల దగ్గరి మెత్తలు చీకిపోయి నల్లటి పొట్టు రాలుతోంది. ఊరికే తలకి తగిలించుకున్నాను. పాట లేదు, మాట లేదు. గుప్పుమని నీలగిరి తైలం వాసన. పన్నెండేళ్ళ కిందటి వాసన ఇంకా ఉంటుందా అని మా ఆవిడ నవ్వింది. తన ముక్కుకి అందలేదట. నాకు అందింది. దాని వెనకే నాట్ల మడిలోని బురద వాసన, ఆ వెనకే పారమ్మప్ప గొంతు వచ్చాయి.

నా మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. అది మీకు ముందే చెప్పడం ధర్మం. నాగావళి వరదలో మా ఇంటి పెంకులు శ్రీకాకుళం దాకా కొట్టుకుపోయి, దారి తెలిసినవి కనుక మర్నాడు తిరిగి వచ్చేశాయని చెప్పినవాణ్ణి నేను. కాబట్టి మీతో ఒక ఒప్పందం. ఇందులో ఒక మొసలి వస్తుంది, అది అబద్ధం. మిగతాదంతా జరిగింది.

అప్పట్లో పొందూరు బజార్లో నాకొక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, కరెంటు పోయినప్పుడల్లా కీచుమనే బ్యాటరీలు. వారమంతా హాల్ టికెట్లు, దరఖాస్తులు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆట. ఆ ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కంప్యూటర్ లోపల ఒక దేశం ఉంటుంది. అడవులు, కొండలు, సముద్రం, సంతలు అన్నీ ఉంటాయి. ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి అందులో తిరుగుతుంటారు. నచ్చిన దిక్కుకి నడుచుకుంటూ పోయి మూలికలు ఏరుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, ఏ కొండ వెనక ఏముందో చూసి రావచ్చు. దాన్ని ఓపెన్ వరల్డ్ అంటారు. లేదా ఇరవైమంది ఒక దండు కట్టి, కోటలోకి దిగి, ఒక్కడి వల్ల చావని పెద్ద జంతువుని కలిసి చంపవచ్చు. అది రైడ్. మొదటిదానికి తీరిక కావాలి, రెండోదానికి క్రమశిక్షణ కావాలి. నాకు మొదటిది పుట్టుకతో వచ్చింది.

మా దండుకి నాయకుడు మా మేనమామ కొడుకు తవిటినాయుడు బావ. రాజాంలో ఎరువుల కొట్టు ఆయనది. కొట్లో మూటలు ఎంత వరసగా ఉంటాయో దండు కూడా అంత వరసగా ఉండాలనేవాడు. ఆరుగురం మా సెంటర్లో కూర్చుంటే, మిగతావాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళుండి హెడ్‌సెట్లలో మాట్లాడేవాళ్ళు. పొలం పంపకాల దగ్గర మా పెద్దవాళ్ళకి మాటలు పోయి అప్పటికి మూడేళ్ళు. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు, చావులకి పలకరింపుల్లేవు. బావా నేనూ మాట్లాడుకోవడానికి మిగిలిన చోటు ఆ దండు ఒక్కటే. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆదివారం మూడింటికి హెడ్‌సెట్ పెట్టుకుని ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళం, అంతే.

మా సెంటర్ పక్క ఇల్లు పారమ్మప్పది. అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ వీధి మొత్తానికి అక్కే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా. ముప్పై ఏళ్ళు ఉభాల జట్టుకి పెద్ద. వరినాట్లని మా వైపు ఉభాలంటారు. ఇరవైమంది ఆడవాళ్ళని మడిలో వరస నిలబెట్టి పొద్దు వాలేలోగా నాటించడం ఆవిడ పని. ఆ ఏడు నడుం పోయింది. ఒంగితే ఇక లేవలేవని డాక్టరు చెప్పాడు. తొలి వానలకి జట్టు ఆవిడ గుమ్మం ముందు నుంచే పొలానికి వెళ్ళిపోయింది. మా దగ్గర ఫ్యానుందని పగలంతా వచ్చి కూర్చునేది. నడుంకి బెల్టు, ఒంటి నిండా నీలగిరి తైలం, కింద నా ప్లాస్టిక్ కుర్చీ.

రెండు ఆదివారాలు నోరు విప్పకుండా మా రైడ్ చూసింది. కోటలో ఒక పెద్ద పాము. అది విషం ఊదేది, మేం చచ్చేవాళ్ళం. మూడో ఆదివారం మేం చచ్చాక, నా తెర మీద ఒక బొమ్మని వేలితో చూపించింది.

"ఆ నీలంబట్టలోడు ఎవుడురా? అందరూ ఎనక్కొచ్చీసినా ఆడు అక్కడే బిత్తరసూపులు సూస్తన్నాడు."

కళింగపట్నం లక్ష్మణరావు మాస్టారని చెప్పాను. రిటైరైన తెలుగు పండితులు. చెయ్యి నెమ్మది. ఆయన మైకులోంచి మాట కంటే సముద్రం హోరే ఎక్కువ వినిపించేది.

"నెమ్మదోడిని సివర్న ఎడతారేటి? అటో గట్టి మనిసిని, ఇటో గట్టి మనిసిని ఎట్టి మజ్జిలో దింపాల. మీకు ఉభాలు సేయించే మనిసి నేదేటి?"

తన జట్టులో ఇంకో కట్టడి కూడా ఉండేదని చెప్పింది. తన వరస అయిపోయినవాళ్ళు గట్టెక్కి కూర్చోకూడదు. వెనకబడినవాళ్ళ వరసలోకి దిగి, ఎదురు నాటుకుంటూ వాళ్ళని కలుసుకోవాలి. అందరూ ఒక్కసారే గట్టెక్కాలి. ఆ మాట చెప్పి కాసేపు ఫ్యాను వైపు చూసింది. ఆవిడ జట్టు ఆ రోజు ఏ మడిలో ఉందో నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

అదే రోజుల్లో ఆట తయారుచేసినవాళ్ళు ఏదో సవరణ చేశారు. రైడ్‌లో గెలిచిన కత్తి ముందు, ఆరు నెలలు అడవులు తిరిగి సంపాదించిన కత్తి కొబ్బరిమట్టకి సమానమైపోయింది. దాంతో దండు రెండుగా చీలింది. రైడ్ వాళ్ళకి తిరిగేవాళ్ళు సోమరులు. తిరిగేవాళ్ళకి రైడ్ వాళ్ళు గానుగెద్దులు. తిరిగేవాళ్ళలో ఇద్దరు అప్పటికే మానేశారు, వాళ్ళ చోట కొత్తవాళ్ళని వెతుక్కోవాల్సి వచ్చింది. నేను మానలేదు, మారనూ లేదు. ఒకరోజు ఉత్తరం కొండ వెనక చిత్తడినేలలో నీలం రంగు నాచు కనిపించింది. నములుతుంటే అక్కడి విషప్పురుగు కరిచినా ఎక్కడం లేదు, పాము విషానికీ పనికొస్తుందనిపించింది. పరుగున వచ్చి దండుకి చెప్పాను. నిజం ఒక్కటే చెబితే చప్పగా ఉంటుందని, ఆ గట్టున ఒక మొసలి కూర్చుని కుండలు అమ్ముతోందని కూడా చేర్చాను. నాచు మాట మొసలి మింగేసింది. ఎవరూ నమ్మలేదు.

బావ గొంతు మెత్తగా వచ్చింది. ఆయన గొంతు మెత్తబడిందంటే ఎరువు మూట నెత్తిన పడ్డట్టే.

"బామ్మర్దీ, నీ మొక్కలు, నీ మొసల్లు ఇంక సాలు. వచ్చే ఆదివారం మూడింటికి కోట గుమ్మంలో నేకపోతే దండులోంచి తీసెస్తాను. సుట్టరికం సుట్టరికమే, ఆట ఆటే."

ఆ ఆదివారం అందరికీ సరిపడా నాచు ఏరుదామని రెండింటికే చిత్తడినేలకి వెళ్ళాను. ఇరవైమందికి ఇరవై పిడికిళ్ళు. ఏరి, సంచి నింపి, కొండ దిగి కోట చేరేసరికి మూడూ పదకొండు. దండు జాబితాలో నా పేరు లేదు. తలుపు నాకు తెరుచుకోలేదు. జాబితాలో లేనివాళ్ళకి దండు మాటలు వినపడవు కనుక హెడ్‌సెట్ కూడా మూగబోయింది. మా పెద్దవాళ్ళ పంపకాలప్పుడు కూడా అంత నిశ్శబ్దం వినలేదు నేను. పక్క కుర్చీల్లో ఐదుగురు నా వైపు చూడకుండా ఆడుకుంటున్నారు.

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెడితే, పారమ్మప్ప ఏమైందని అడిగింది. చెప్పాను. మొసలి సంగతి కూడా దాచలేదు. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. తన సంగతొకటి చెప్పింది. మామూలుగా మధ్యాహ్నం అన్నాలయ్యాక జట్టంతా కాసేపు గట్ల మీద తిరిగేవారట. పొన్నగంటికూరో, పంటబోదెలో చిన్న చేపలో, ఎవరికి దొరికింది వాళ్ళు తెచ్చి ఒకే కుండలో వేసేవారట. ఒక ఏడు పక్క ఊరి జట్టుతో పంతం పడి ఆవిడ ఆ తిరుగుడు మానిపించింది. తెల్లారి దిగినవాళ్ళు ఇక నడుం ఎత్తలేదు. పొద్దుండగానే మడులన్నీ నాటేశారు, పంతం గెలిచారు. కానీ ఎగువన కాలవగట్టుకి గండి పడింది. రోజూ కూరకి అటు వెళ్ళే మనిషి ఆ రోజు వెళ్ళలేదు. చీకటి పడేసరికి నాటిన నారంతా నీళ్ళ మీద తేలింది.

"ఒంగున్నోల్లకి గండి కనపడదురా," అంది. "కూరకెల్లినోల్లకే కనపడతాది. ఏదీ, ఆ సెవులది ఇలగియ్యి."

కోటలో దండు అప్పటికి మళ్ళీ చచ్చి, బయట కూర్చుని ఒకరినొకరు తప్పు పట్టుకుంటోంది. పక్కవాడి కంప్యూటర్‌కి నా హెడ్‌సెట్ తగిలించి ఆవిడ తలకి పెట్టాను. తైలం చేతులతో రెండు చెవులూ అదిమి పట్టుకుని, రాజాం దాకా వినిపించాలన్నట్టు మాట్లాడింది.

"తవిటీ, నాను పారమ్మని. మీ అయ్య మడిలో నారు తేలిపోనాది గుర్తున్నాదేటి?"

అవతలి నుంచి బావ, "గుర్తున్నాదప్పా," అన్నాడు. ఆ మడి ఎవరిదో నాకు అప్పుడే తెలిసింది.

"నీ బామ్మర్ది అబద్ధాలకోరు. అది నువ్వు నాకు సెప్పక్కర్నేదు. గానీ ఆడు అటేపు ఎల్లొచ్చినోడు, నువ్వు ఎల్లనోడివి. ఒక్క గంట అందర్నీ అటు తిప్పు. మొక్క నేకపోతే అప్పుడు తీసెయ్యి. నానే తలుపేస్తాను."

ఒక గంట నా వెనక ఇరవైమంది బాతుల్లా నడిచారు. నా స్థానంలో తీసుకున్న కొత్త కుర్రాడు కూడా వచ్చాడు. చిత్తడినేల నిండా నీలం నాచు. బావ ఒక మొక్క తుంచి, విషప్పురుగుని కావాలనే కరిపించుకుని, చావకుండా నిలబడి, నా పేరు మళ్ళీ జాబితాలో చేర్చాడు. కొత్త కుర్రాడు తానే పక్కకి జరిగాడు. మాస్టారిని మధ్యలో పెట్టుకుని కోటలో దిగాం. పాము ఊదింది. మేం నములుతూ నిలబడ్డాం. ఐదున్నర కావస్తుండగా అది చచ్చింది.

అయితే ఆ ఆటలో ఒక మెలిక ఉంది. పాము చచ్చాక కోట కూలడం మొదలవుతుంది. కూలేలోగా బయటపడినవాళ్ళకే బహుమానం. తిరిగి తిరిగి నా బొమ్మకి కాళ్ళు వేగం. అందరికంటే ముందు గుమ్మం చేరాను. ఒక్క అడుగు. వెనక్కి తిరిగి చూస్తే మెట్ల మీద రాళ్ళు పడి, నీలంబట్టల మాస్టారు అటూ ఇటూ తిరుగుతున్నారు. నా భుజం పక్కన, గట్టిగా కాదు, మామూలుగానే వినిపించింది.

"ఒరే, గట్టెక్కకు."

వెనక్కి పరుగెత్తాను. ఆ మాట బావ చెవిలో పడలేదు, హెడ్‌సెట్ అప్పటికి మళ్ళీ నా తల మీదే ఉంది. ఆయన చూశాడంతే. గుమ్మం బయట ఒక కాలు పెట్టినవాడు వెనక్కి తిరిగాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఇంకొకరు. ఇరవైమందిమీ మాస్టారి చుట్టూ చేరి రాళ్ళు తీస్తుండగా కోట మొత్తం మా నెత్తిన కూలింది. అందరం చచ్చాం. తొమ్మిది ఆదివారాల కష్టానికి ఒక్కరికి కూడా గోరంత దక్కలేదు.

హెడ్‌సెట్‌లో కాసేపు కళింగపట్నం సముద్రం మాత్రమే వినిపించింది. మాస్టారు గొంతు సవరించుకుని, "నాయనలారా, నాకు ముందే చావడం అలవాటేను," అన్నారు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టినవాళ్ళం ఎంతకీ ఆగలేదు. ఆ నవ్వుల మధ్య బావ అడిగాడు, "బామ్మర్దీ, మొసలేదిరా?"

"ఆదివారం కదా బావా, సంత లేదు."

ఆ తర్వాత మా దండులో పద్ధతి మారింది. ఆదివారం మొదటి గంట ఒకరి వెంట అందరూ తిరగాలి, వారానికొకరి వంతు. ఏరినవన్నీ ఉమ్మడి. ఆ తర్వాత రైడ్. నా వంతు వచ్చినప్పుడు గంటని మూడు గంటలు చేయబోయాను. పారమ్మప్ప కుర్చీలోంచే అందుకుంది, కూరకెళ్ళినోడు కూరలోనే ఉండిపోతే నాటేదెవడని. బావ వంతు వచ్చినప్పుడు ఏ కోటకో తీసుకెళ్తాడనుకున్నాం. ఒక గుట్ట ఎక్కించి, పొద్దు సముద్రంలో దిగేదాకా అందరినీ ఊరికే కూర్చోబెట్టాడు. ఆ దేశంలో ఐదేళ్ళుగా ఉండి కూడా పొద్దు ఎప్పుడూ చూడలేదట, ఎప్పుడూ కోటల్లోనే ఉన్నాడట.

మరుసటి ఏడు ఉభాలకి పారమ్మప్ప జట్టు ఆవిడ గుమ్మం దాటి వెళ్ళలేదు. లోపలికి వచ్చి ఆవిడని తీసుకెళ్ళింది. నా ప్లాస్టిక్ కుర్చీని బురదగట్టు మీద మోసింది ఎవరనుకున్నారు? తవిటినాయుడు బావ. అప్ప కబురు పెట్టిందని రాజాం నుంచి బండి మీద వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత మా ఊళ్ళో అడుగు పెట్టడం అదే. కుర్చీ ఒక కాలు నేను పట్టుకున్నాను. గట్టు మీద కూర్చుని, కింద ఒంగిన ఇరవై వీపుల్ని చూస్తూ ఆవిడ గొణిగింది.

"ముప్పై ఏల్లు అందర్నీ గట్టెక్కొద్దని తిట్టినాను. ఆకరికి నన్నే గట్టెక్కించినారు."

మడిలోంచి ఒకావిడ నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది. "నువ్వు ఎనకబడ్డావప్పా, మేం ఎదురొచ్చినాం. నువ్వే కదేటి సెప్పినావు."

పారమ్మప్ప తైలం రాసుకున్న చేత్తో ముఖం తుడుచుకుని, కళ్ళు మండుతున్నాయంది.

ఆవిడ పోయి ఏడేళ్ళయింది. ఆ ఆటని తయారుచేసినవాళ్ళు దాన్ని ఎత్తేశారు. మా చిత్తడినేల, బావ గుట్ట, పాము, ఏవీ లేవిప్పుడు. నెట్ సెంటర్ మందుల షాపు అయింది. బావ మాత్రం ఆదివారాలు వస్తాడు, ఆట లేకపోయినా మూడింటికే.

నేను ఫోన్‌లో ఏవో కొత్త ఆటలు ఆడుతుంటాను, ముక్కూముఖం తెలియనివాళ్ళతో. మొన్న హెడ్‌సెట్ దొరికిన సాయంత్రం కూడా ఆడాను. చెవుల నిండా నల్ల పొట్టుతోనే. ఏదో గుహ కూలుతోంది. నేను ముందే గుమ్మం చేరాను. వెనక ఎవరో ఒకరు రాళ్ళ మధ్య బిత్తరచూపులు చూస్తున్నారు. తిరిగి లోపలికి నడిచాను. బయటపడిన ఒకడు ఎందుకు వెనక్కి వెళ్తున్నావని రాశాడు. లోపల ఒక మొసలి కుండలు అమ్ముతోంది, ఒకటి కొనాలని జవాబు రాశాను. నమ్మాడో లేదో తెలియదు. నా వెనకే వచ్చాడు.