సీసాలో జొన్నగింజంత

మొన్న కబడ్డీ నిక్కరు తొడుక్కుంటూ మా వాడు గజ్జల్లోని సన్నని గీతను చూపించి, "అమ్మా, ఇదేంది?" అన్నాడు. చిన్నప్పుడు ఆపరేషన్ అయిందని చెప్పి పంపించాను. వాడు ఈల వేసుకుంటూ పోయాడు. నాకు మాత్రం మా మామ, వాడి తాత, గుర్తొచ్చి, పొయ్యి మీది పాలన్నీ పొంగించుకున్నాను.

వాడికి మూడేళ్లప్పుడు ఏడిస్తే చాలు, గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు వచ్చేది. హెర్నియా అన్నారు. పాలమూరు దవాఖానకు బయల్దేరితే, గొర్రెల మందను తమ్ముడికి అప్పగించి మామ కూడా వచ్చాడు. ఏసీ గదిలో గొంగడి కప్పుకొని గోడవారన గొంతుక్కూర్చున్నాడు, నర్సు ఎంత బతిమాలినా కుర్చీ ఎక్కలేదు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చిన్న సీసా పట్టుకొచ్చింది. తీసింది ఏదైనా ఇంటివాళ్లకు చూపించడం అక్కడి పద్ధతి. అందులో జొన్నగింజంత పసుపుపచ్చని ముక్క. మూత్రపిండం మీద ఉండే గ్రంథి తునక ఒకటి దారి తప్పి గజ్జల్లో చేరిందనీ, అసలు గ్రంథి తన చోటే ఉంటుందనీ, భయమేమీ లేదనీ ఆమె మాకు చెబుతూనే ఉంది. మామ సీసాను చూసి బయటికి పోయాడు.

ఇంటికొచ్చాక ఆయన మనవణ్ని ముట్టుకోలేదు. వాడు చేతులు చాపితే మంద దగ్గరికి తప్పుకునేవాడు. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కునేవాడు. కుట్లకు జంకుతున్నాడేమో అనుకున్నాం. ఒకరోజు నిలదీస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా చేతుల పాపం బిడ్డా! ఇంట్ల ఆడిమనిషి కడుపుతోని ఉంటే పొట్టేలు పిల్లలకు విత్తులు దీయొద్దంటరు. నేను దీసిన. గా పాపం పోరని గజ్జలకు తగిలింది. గా సీసల ఉన్నది పోరని విత్తేనాయె!" పొట్టేళ్లు కండ పట్టాలని చిన్నప్పుడే విత్తులు, అంటే వృషణాలు, తీయడంలో మా ఊళ్లో చేయి తిరిగినవాడు ఆయనే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మళ్లీ చూపించడానికి పోయినప్పుడు ఆయన్నీ వెంటబెట్టుకుపోయాను. పిల్లవాడి విత్తులు రెండూ భద్రంగా ఉన్నాయని డాక్టరమ్మ తడిమి చూపించింది. మామ ప్రాణం కుదుటపడింది. "మరి గా ముక్క గజ్జలకు ఎట్లొచ్చిందమ్మా?" అన్నాడు.

"ఎవరి తప్పూ కాదు తాతా. తల్లి కడుపుల రెండో నెలల ఆ గ్రంథి, విత్తు పక్కపక్కనే తయారైతయి. విత్తు కిందికి దిగేటప్పుడు చిన్న తునక అంటుకొని వస్తది."

ఆమె ఓదార్చడానికే చెప్పింది. మామ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. ముఖం మళ్లీ వాడిపోయింది. "గప్పుడే దీసిన," అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఆయన వైపు చూడలేకపోయాను. దిష్టి తగులుతుందని, మూడో నెల నిండేదాకా కడుపు సంగతి అత్తింట్లో చెప్పొద్దని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మామ ఆ కత్తి ముట్టేవాడే కాదు.

"నీకు అప్పటికి చెప్పలే మామా. నేనే దాచిన," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎర్కలేక జేసింది పాపం గాదు గద బిడ్డా?"

"గాదు మామా."

రెండు చేతులూ చాపి పిల్లవాణ్ని నా ఒళ్లోంచి తీసుకున్నాడు. ఊరొచ్చేదాకా దించలేదు.

ఆ ముక్కకూ పొట్టేళ్లకూ నేను దాచిన మాటకూ ఏ సంబంధమూ లేదని నాకు బాగా తెలుసు. అయినా మామ ఆ రోజు దించుకున్న బరువు నా నెత్తికే వచ్చింది. ఆయన పోయాడు, మంద అమ్ముడైంది, కొడుకు నా భుజం దాటి ఎదిగాడు. నాకు మాత్రం ఆ రెండో నెల ఇంకా గడవలేదు.