పెట్టెల దుకాణానికి నా మొహం

మార్కాపురంలో మాది పెట్టెల దుకాణం. బట్టలు దాచుకునే పెట్టెలు కావు. మా క్రైస్తవుల్లో ఎవరైనా ప్రభువు దగ్గరికి పోతే భూస్థాపనకు తీసుకెళ్లే పెట్టెలు. మా ఆయన చెక్క కోసి బిగిస్తే, నేను లోపల తెల్ల గుడ్డ పరిచి, అంచు చుట్టూ కుచ్చులు పెట్టి, మూత మీద సిలువ అంటిస్తాను. చాన్నాళ్లు మాకు బోర్డు కూడా లేదు. అవసరం పడినవాళ్లు దారి అడుక్కుంటూ వచ్చేవాళ్లు, పనయ్యాక మా వైపు చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. అందులో తప్పేమీ లేదు. మళ్లీ రండి అని మేమూ ఎవరికీ చెప్పం కదా.

ఊళ్లో ఇంకొకాయన ఫ్రీజరు బాక్సు, వ్యాను, పెట్టె అన్నీ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక మాకు పని పలచబడింది. డిగ్రీ చదివే మా పాప ఊరుకోలేదు. చిన్న వ్యాపారాలు చేసే ఆడవాళ్లకు శిక్షణ ఉందని నన్ను లాక్కెళ్లింది. పచ్చళ్లు పెట్టే ఆమె, మగ్గం పని చేసే ఆమె, కేకులు చేసే ఆమె, వాళ్ల మధ్య నేను. మీదేం వ్యాపారమని అడిగితే "చెక్క పని" అని ఊరుకున్నాను. పాఠం చెప్పినామె హుషారైన మనిషి. జనం సరుకును చూసి కొనరట, మనిషిని చూసి కొంటారట. మొహం చూపించాలట. ఫోన్లో మన దుకాణం పేరున ఒక పేజీ తెరిచి, మన కథ మనమే రాసుకుని వారం వారం అందులో పెట్టాలట. ఆ వ్యాపారం మాట రాగానే అందరికీ మన మొహం గుర్తుకు రావాలట. చుట్టూ అందరూ రాసుకుంటుంటే నేను పెన్ను మూసేశాను. చావు మాట రాగానే నా మొహం గుర్తుకు రావాలా?

ఇంటికొచ్చి అదే మాట పాపతో అన్నాను.

"నువ్వు మాట్లాడితే ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పినట్టుంటాది మా. నువ్వు చెప్పు, నేను రాస్తా" అంది.

సరేనని మొదలుపెట్టాం. పెట్టె తీసుకునే ముందు ఇంటి గుమ్మం కొలుచుకోండి అని మొదటిసారి రాశాం. చిన్న ఇళ్లల్లో పెట్టె లోపలికి తిరగక, ఆ దుఃఖంలో మనుషులు వాకిట్లో పడే అవస్థ నేను చూసినదే. బేరానికి కొడుకునో కూతురినో పంపకండి, కాస్త దూరపు చుట్టాన్ని పంపండి అని తర్వాత రాశాం. చివరికి నేను కుచ్చులు పెడుతూ ఆ మాటలే చెప్పే వీడియో కూడా పెట్టింది. అది ఎట్లా పాకిందో గిద్దలూరు దాకా పాకింది. త్రిపురాంతకం నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. పని మళ్లీ పుంజుకుంది. మా ఆయన పేజీని తనే కనిపెట్టినంత గర్వంగా తిరిగాడు.

అసలు దిగులు అప్పుడు మొదలైంది. రాచర్ల పోయే బస్సులో ఒకామె నన్ను తేరిపార చూసి, పక్కనున్న ముసలాయన్ని తన వైపుకు జరుపుకుంది. సంతలో ఒకతను గుర్తుపట్టి నవ్వబోయి ఆపుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం ఆడవాళ్లం జబ్బుపడినవాళ్ల ఇళ్లకు ప్రార్థనకు వెళ్తాం. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారి భార్య నన్ను పక్కకు పిలిచింది.

"నీ మనసు నాకు తెలుసు తల్లీ. జబ్బుపడినవాళ్లు నిన్ను చూసి బెదురుతున్నారు. కొన్నాళ్లు నువ్వు ఇంట్లోనే ప్రార్థన చెయ్యి" అంది.

మెత్తగానే అంది. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా కొలతలు తీసుకోవడానికి వస్తున్నానా? ఒళ్లు మండినా, వాళ్ల భయం నాలోకీ దూరింది. ఎవరికన్నా ఫోను చేయాలంటే వేలు ఆగిపోయేది. పేజీకి ఇచ్చింది నా నంబరే, అవతల వాళ్ల తెర మీద నా మొహం, దాని కింద దుకాణం పేరు కనిపిస్తాయి.

అట్లాంటి రోజుల్లోనే మా అక్కకు ఆరోగ్యం చెడింది. ఆమెది రాచర్ల దగ్గర పల్లె. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. నాకు జడ వేసింది, కుట్టు నేర్పింది, నా పెళ్లిలో అమ్మ స్థానంలో నిలబడింది. కడుపులో గడ్డ ఉందని ఆపరేషను చేసి, తీసిన ముక్కను పరీక్షకు పంపారు. రిపోర్టు రావాలి. ఇంటికి తీసుకొచ్చారని తెలిసి నేను చీర మార్చుకుంటుంటే అక్క కొడుకు ఫోను చేశాడు.

"చిన్నమ్మా, ఏమనుకోబాకు. మా వీధిలో అందరూ నీ వీడియో చూసినారు. నువ్వు వచ్చినావంటే ఎవురో ఒకరు నోరు జారతారు. అమ్మ భయపడతాది. రిపోర్టు వచ్చినాక రా."

"సరే నాయనా" అన్నాను. కట్టబోయిన చీర మడత పెట్టేశాను.

ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. ఫోను మోగితే పేరు చూడకుండా పాప చేతికిచ్చేదాన్ని. ఆ ఇంటి నుంచి వచ్చే ఫోను రిపోర్టు గురించైనా కావచ్చు, పెట్టె గురించైనా కావచ్చు. గుడ్డ కత్తిరించబోతే అక్క ఎత్తు మనసులో మెదిలేది. వెంటనే కత్తెర పక్కన పడేసి బయటికి వచ్చేదాన్ని. పేజీ తీసేయమని పాప మీద అరిచాను.

"తీసేస్తే మాత్రం నిన్ను మర్చిపోతారా మా?" అంది. అది తిరిగి అరిచినా బాగుండేది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు బయలుదేరాను. రాచర్లలో దిగి ఆటో ఎక్కి, కొంగు కళ్ల దాకా లాక్కుని కూర్చున్నాను. అక్క కొడుకు వాకిట్లో మేకలకు నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూసి మొహం వేలాడేసుకున్నాడు గానీ అడ్డం రాలేదు. గుమ్మం దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. లోపలి నుంచి నా గొంతే వినిపిస్తోంది. గుమ్మం కొలుచుకోండి, తొందరపడకండి అని.

అక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఫోను చూస్తోంది. సగం అయిపోయింది మనిషి.

"ఇప్పుడు దొరికిందా నీకు దారి?" అంది.

"నేను వస్తే నువ్వు భయపడతావేమోనని..."

"నీ మొహానికి నేను భయపడేదేంది? చీమిడి తుడిచిన మొహం. నువ్వు రాకపోతివి, దీంట్లోనన్నా చూసుకుందామని దినామూ పెట్టించుకుంటా ఉన్నా."

నేను మంచం పక్కన కూలబడి ఏడ్చేశాను. అక్క నా తల మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బరువే లేదు. కాసేపటికి, గుమ్మం వైపు చూసి కొడుకు దగ్గర్లో లేడని తేల్చుకుని, గొంతు తగ్గించింది.

"ఈ కుచ్చులు నేను నేర్పినట్ల పెట్టడం లేదే నువ్వు. మూల దగ్గర వంకర పోతా ఉండాయి. నాకు అట్ల పెట్టబాకు."

రిపోర్టు ఇంకా రాలేదు, అట్లా మాట్లాడొద్దు అని అనాల్సిందే. దానికి బదులు కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను ఆమె చేతిలోంచి తీసుకుని, వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఎక్కడ వంకర పోయిందో చూపించమన్నాను.