మార్తమ్మ తడిపిన కప్పు

"కప్పు కూలి పిల్ల మీద పడితే?"

పాలు తాగిన పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతున్న సువర్ణ మొగుడి వంక చూసింది.

"పడితే ఊరందరి మీదా పడుతుంది కదండీ. ఏరి ఏరి మన పిల్ల మీదే ఎందుకు పడాలి?"

"నేను లెక్క కట్టాను."

"మీరు లెక్క కట్టనిదేముందండీ? నిన్న పిల్ల ఎన్ని తుమ్ములు తుమ్మిందో కూడా పుస్తకంలో రాశారు."

ఆ మాట నిజమే. ఇమ్మానుయేలు ఏలూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. మూడు నెలల కిందట తండ్రయ్యాడు. అప్పటినుంచి జేబులో ఒక నోటు పుస్తకం, బడి నుంచి అరువు తెచ్చిన థర్మామీటరు ఉంటున్నాయి. ఆ థర్మామీటరు నీళ్ళు మరిగించి చూసే రకం, పిల్లలకు పనికిరాదు. అయినా దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని మోస్తున్నాడు. క్రిస్మస్ సెలవులకు అత్తవారి ఊరు పైడిలంక రాగానే అతను మొట్టమొదట చూసింది అత్తగారిని కాదు, కొత్తగా కడుతున్న చర్చి గుడి కప్పును.

పైడిలంక కొల్లేటి ఒడ్డు ఊరు. చలికాలం వచ్చిందంటే బాతుల వేటకని దొరలూ, వాళ్ళ వెనక ఏలూరు ప్లీడర్లూ డేరాలు వేసుకుని దిగుతారు. పాత తాటాకు గుడి ఊరివాళ్ళకే చాలేది కాదు. ఇక డేరాల్లోంచి పూజకు వచ్చే దొరసానులు గొడుగులు వేసుకుని బయటే నిలబడేవారు. అందుకని ఆ చుట్టుపక్కల గుళ్ళన్నీ చూసే విచారణ గురువుగారు ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూసి, అచ్చం అలాంటి గుడి కట్టించడానికి పూనుకున్నారు. గోపురం లేదు, పెంకులు లేవు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. తెల్లటి గోడలు, పొడుగాటి కిటికీలు, పైన బల్లపరుపు సిమెంటు కప్పు. చూసినవాళ్ళంతా కంట్రాక్టరు అబ్బాయిరాజు గారిని ఒకటే అడిగేవారు.

"మిల్లు బాగుందండీ. పొగగొట్టం ఎప్పుడు పెడతారండీ?"

ఇమ్మానుయేలు వచ్చేసరికి ఆ కప్పు మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఎందుకంటే కప్పు నిండా నీళ్ళున్నాయి. వరిచేలో కట్టినట్టు బురదతో చిన్న చిన్న గట్లు పోసి, మడులు చేసి, వాటిలో రెండంగుళాల లోతున నీళ్ళు నిలబెట్టారు. మధ్యలో ఒక ముసలావిడ చీర ఎగదోపుకుని బిందెతో తిరుగుతోంది. అతను అక్కడికక్కడే పుస్తకం తీశాడు. నలభై అడుగుల పొడవు, ఇరవై నాలుగు వెడల్పు. పదివేల పౌన్లు. ఆ నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు!

"అత్తగారూ! అంత బరువు ఎందుకు పోస్తున్నారండీ?" అని కిందినుంచి అరిచాడు.

"ఆకుమడి వేద్దామనండి అల్లుడుగారూ!" అంది మార్తమ్మ పైనుంచి. "మీరు మూడు రోజులు ముందొచ్చుంటే దుక్కి మీచేతే దున్నించేవాళ్ళం."

సువర్ణకు ఆవిడ ఊరి వరస పెద్దమ్మ. ఆ ఊళ్ళో ఒక ఇంటి అల్లుడు ఊరందరికీ అల్లుడే. కాబట్టి ఇమ్మానుయేలును ఆటపట్టించే హక్కు మార్తమ్మకు పూర్తిగా ఉంది. ఆవిడ ఆ హక్కును వృథా పోనిచ్చే మనిషి కాదు.

ఆవిడ పదో ఏట తలకెత్తుకున్న తట్టను ఇంతవరకూ దించలేదు. కొల్లేటి గట్లకు మట్టి మోసింది, ఉంగుటూరు వైపు కాలవ లాకులకు రాయి మోసింది, తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులకు ఇసక మోసింది. నెత్తిన బరువు లేకపోతే మెడ తేలిపోయి నడక తిన్నగా పడదని చెప్పేది. పడవ నడిపే మొగుడు వీరాస్వామి విషజ్వరంలో పోయాడు. ఇద్దరు కొడుకులు జంగారెడ్డిగూడెంలో పొగాకు పనికి వెళ్ళి అక్కడే కాపురాలు పెట్టారు.

తాడేపల్లిగూడెంలో ఒక మిల్లువారు వడ్లు ఆరబోయడానికి సిమెంటు కళ్ళం పోయించారు. పోయడం అందరికీ తెలుసు. పోశాక గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలని ఎవరికీ తోచలేదు. వారం తిరక్కుండా అది బీటలు వారింది. రెండోసారి పోసినప్పుడు మేస్త్రీ మార్తమ్మ చేతికి బిందె ఇచ్చాడు. ఇరవై ఒక్క రోజులు ఆవిడ ఆ కళ్ళాన్ని బాలింతను చూసినట్టు చూసింది. గీత పడలేదు. అప్పటినుంచి ఆవిడ నీళ్ళ మార్తమ్మ అయింది. ఎక్కడ సిమెంటు పోసినా ఆవిడకు కబురు వెళ్ళేది.

ఆవిడకు లేనిదొక్కటే, ఆడపిల్ల. "నా జడగంటలు పెట్టెలో చిలుము పట్టిపోతున్నాయి" అని నవ్వుతూనే అనేది. అందుకే సువర్ణ కాన్పుకు వచ్చినప్పుడే మాటిచ్చింది, పుట్టేది ఆడపిల్లయితే జ్ఞానస్నానంలో రెండో తల్లిగా నిలబడే జ్ఞానతల్లి మార్తమ్మే అని. ఆడపిల్లే పుట్టింది. జ్ఞానస్నానం కొత్త గుడిలోనే, మొట్టమొదటిది మా మనవరాలిదే కావాలని సువర్ణ తల్లి పట్టుబట్టి, గురువుగారిని బతిమాలి మూడు నెలలు ఆపించింది. మార్తమ్మ ఏలూరు వెళ్ళి తెల్ల గౌను గుడ్డ కొని తెచ్చి కుట్టించింది. జడగంటలకు చింతపండు పెట్టి తోమింది. ఆదివారం ముహూర్తం.

బుధవారం ఇమ్మానుయేలు ఆవిడ దగ్గరికి వెళ్ళి నేల చూస్తూ చెప్పాడు.

"అత్తగారూ, ఏమీ అనుకోకండి. జ్ఞానస్నానం ఏలూరులో చేయిద్దామనుకుంటున్నాను. అక్కడ గుడికి స్తంభాలున్నాయి."

ఏలూరులో అయితే జ్ఞానతల్లిగా ఇమ్మానుయేలు అక్కగారు సిద్ధంగా ఉన్నారని అందరికీ తెలుసు. మార్తమ్మ చేతిలో బిందె అలాగే ఉండిపోయింది. ఆవిడ హాస్యమాడకపోవడం ఊరు చూసింది అదే మొదలు.

"మీ పిల్లండీ. మీ ఇష్టం" అని, మళ్ళీ నీళ్ళకు వెళ్ళింది.

గురువారం అబ్బాయిరాజు గారి మనుషులు కప్పు కింది ఊతకర్రలన్నీ తీసేశారు. అరవై తాటి దుంగలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. ఊరంతా చెవులు మూసుకుని దూరంగా నిలబడింది. ఏమీ జరగలేదు. అయినా ఇమ్మానుయేలుకు నమ్మకం కుదరలేదు. ఇంట్లో సువర్ణ రెండు రోజులుగా మాట్లాడ్డం లేదు. అన్నం కంచం మాత్రం చప్పుడయ్యేలా పెడుతోంది. రాత్రంతా ఆలోచిస్తే ఒక ఉపాయం తోచింది. సరిగ్గా జ్ఞానస్నాన తొట్టి పెట్టే చోట, పిల్ల తలకు పైన, ఒక్కటంటే ఒక్క కర్ర ఉంటే చాలు. అప్పుడు ఇక్కడే చేయించవచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం కూలీలు అన్నాలకు వెళ్ళగానే అతను ఒక దుంగను దొర్లించుకుంటూ గుడిలోకి తెచ్చాడు. చొక్కా చెమటతో ముద్దయింది. దాన్ని నిలబెట్టి, అడుగున రెండు చెక్క ముక్కలు ఎదురెదురుగా దూర్చి, సుత్తితో బిగించడం మొదలుపెట్టాడు. సైన్సు మాస్టారు కాబట్టి చాలా బాగా బిగిస్తున్నాడు.

"ఆపండి!"

గుమ్మంలో మార్తమ్మ. పరుగెత్తుకుంటూ వచ్చి అతని చేతిలో సుత్తి లాక్కుంది. ఆ చెక్కలను పక్కనుంచి రెండు దెబ్బలు కొట్టి వదులు చేసింది.

"నా కప్పు విరగ్గొడతారా ఏంటండీ?"

"విరగ్గొట్టడమా? నేను ఊత పెడుతున్నానండీ!"

"గూడెంలో మిల్లు షావుకారూ ఇలాగే అన్నాడండి. వసారా కప్పు కూలిపోద్దని భయపడి, అంతా బాగున్నదానికి నడుమ కర్ర పెట్టి బిగించాడు. మర్నాటికి సరిగ్గా కర్ర ఉన్న చోటే పైన బీట. ఇనప ఊచలు ఎక్కడ కట్టారో ఈ నెత్తితో సిమెంటు మోసినదాన్ని, నాకు తెలీదా? నడుమంతా అడుగునే కట్టారు. మీరు కిందనుంచి పొడిస్తే పైన పట్టుకోడానికి ఏముందండీ?"

ఇమ్మానుయేలు పుస్తకం తీశాడు. తుమ్ముల లెక్క ఉన్న పేజీ వెనక కప్పును ఒక గీతగా గీసి, కింద ఇనుమును చుక్కలతో పెట్టి, మధ్యలో కర్ర నిలబెట్టాడు. గీత ఎటు వంగుతుందో చూశాడు: కర్ర మీద పైకి ఉబ్బుతుంది, అక్కడ ఇనుము లేదు. ఇంకోసారి చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. ఈ ఊళ్ళో ఆ కప్పుకు అపాయమంటూ ఉంటే అది తనే.

"అత్తగారూ," అన్నాడు చివరికి, "ఇది ఎవరికీ చెప్పకండి."

"బీయేలు చదివినాయనకు మేస్త్రీ పని నేర్పానని చెప్పుకోవద్దా? ఎంత అన్యాయం అండీ!" అని మార్తమ్మ దుంగకు ఒక చివర పట్టుకుంది. "ఆ కొస మీరు పట్టుకోండి. అన్నాలు తిని జనం వచ్చేస్తారు."

దుంగను బయట పడేసేదాకా ఆవిడ జ్ఞానస్నానం ఊసెత్తలేదు. అతనే ఎత్తాడు.

"ఆదివారం ఎన్ని గంటలకు రమ్మన్నారు గురువుగారు?"

మార్తమ్మ పైట కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం ఊరంతా వచ్చింది గానీ గుమ్మం దాటలేదు. లోపల గురువుగారు ఒక్కరే, మంచి జరీ వస్త్రాలు వేసుకుని, ఖాళీ గుడికి ఎదురుగా నిలబడి ఉన్నారు. డేరాల దొరసానులు గొడుగులు విప్పారు. "ముందు మీరు పదండీ" అంటే "అబ్బే, మీరు పెద్దవారండీ" అని ఊరివాళ్ళు ఒకరికొకరు మర్యాద చేసుకుంటున్నారు. అంత మర్యాద ఆ ఊళ్ళో ముందెన్నడూ లేదు. ఇమ్మానుయేలు పిల్లను ఎత్తుకుని, పైకి చూడకుండా, తిన్నగా లోపలికి నడిచాడు. వెనకే సువర్ణ, ఆమె పక్కన మార్తమ్మ. నీళ్ళు పడగానే పిల్ల కేరుమంది. ఆ అరుపు సిమెంటు గోడలకు కొట్టుకుని నాలుగింతలై తిరిగొచ్చింది. బయటివాళ్ళు పది గజాలు పరుగెత్తి, వెనక్కి తిరిగి చూసి, కప్పు ఉన్నచోటే ఉండడం చూసి, నవ్వుకుంటూ లోపలికి వచ్చారు.

పిల్లకు మరియ రత్నమాల అని పేరు పెట్టారు. దసరా సెలవులకు వచ్చేసరికి అది గోడ పట్టుకుని నిలబడుతోంది. చెయ్యి వదిలి రెండడుగులు వేసి చతికిలబడుతోంది. ఇమ్మానుయేలు వంగి, రెండు చేతులూ దాని చంకల కింద బెత్తెడు దూరంలో పెట్టుకుని, ఇంటి చుట్టూ పీతలా నడిచేవాడు. నడుం పట్టేసింది. పిల్ల ఆ చేతులు కనబడగానే నడక మానేసి వాటిమీద వాలిపోయేది.

మార్తమ్మ అరుగు మీద కూర్చుని రెండు రోజులు చూసింది. మూడో రోజు ఒక మాట చెప్పింది. ఇప్పుడతను చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. పిల్ల పడుతోంది, లేస్తోంది. ఆవిడ చెప్పింది ఇంతే.

"నిలబడేదాకా పట్టుకోండి అల్లుడుగారూ, ఎవరూ వద్దనరు. నిలబడ్డాక మాత్రం మీ భయం తగ్గడానికి చెయ్యి పెట్టకండి. దానికి కావాలంటే అదే అడుగుద్ది."